గిడ్డమ్మ పంపిన కంబళి

తెల్లచీర వద్దు. ఇంకేదైనా సరే, అది మాత్రం వద్దు. మంచం మీద పరుచుకున్న గుడ్డల్లోంచి కృపమణి ముందుగా దాన్నే తీసి మూలకు నెట్టింది. నెట్టి, మళ్లీ తానే చెయ్యి చాచి దాని మడత సర్దింది. కోడుమూరు కాన్పుల కేంద్రం నర్సుకు అదే గుర్తు మరి, ఆ చీర లేకుండా గడప దాటితే ఆమె నర్సమ్మ కాదు, ఉత్త ఏసేపు పెళ్లాం. బయట వసారాలో గిడ్డమ్మ మొగుడు కంబన్న నిలబడి ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. అతని కంబళి అంచుల నుంచి నీళ్లు అరుగు మీద బొట్లు బొట్లుగా పడుతున్న చప్పుడు లోపలికి వినిపిస్తూనే ఉంది. దిన్నెపల్లె నుంచి చేనిగట్ల మీద పరుగెత్తి వచ్చాడు. "గిడ్డమ్మకు పొద్దున్నుంచి నొప్పులొస్తాండాయి నర్సమ్మా. ఈసారన్నా నువ్వు బిన్నా రావల్ల," అన్నాడు రాగానే. ఈసారన్నా. ఆ ఒక్క మాట దగ్గరే ఆమెకు తల కొట్టేసినట్టయింది. అతను ఇంకా ఏదో చెప్పాడు, చంకలో మడిచి తెచ్చిన ఇంకో కంబళి తీసి గుమ్మం పక్కన పెట్టాడు. "ఇది నీకంట. మా గిడ్డమ్మ పంపిచ్చె. తడిసినా ఒంటికి అతుక్కోదు, ఏసుకోని రమ్మనె." గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, కృపమణి చెయ్యి తనకు తెలియకుండానే పైట మీదికి పోయింది.

అతుక్కోదని ఎందుకు చెప్పి పంపింది? చలికి వెచ్చగా ఉంటుందని చెప్పొచ్చు, ఎంత వానకైనా ఆగుతుందని చెప్పొచ్చు, కంబళి గురించి చెప్పడానికి మాటలకు కరువా? నొప్పులు పడుతున్న మనిషి, రెండు నొప్పుల నడుమ, ఆ ఒక్క మాటనే ఏరి పంపిందంటే తెలిసినట్టేనా? తెలిసే దారి లేదు. తెలిసి ఉంటే నిరుడే జుట్టు పట్టుకుని ఈడ్చి ఉండేది, మొగుణ్ణి పంపి వాకిట్లో అరిపించేది, ఊరు ఊరంతా ఉమ్మేసేది. తెలియదు. ఊరికే అన్న మాట. కంబళి నేసే వాళ్ల ఇంటి పిల్ల, కంబళి గుణం చెప్పింది, అంతే. కృపమణి అట్లా తనకు తాను చెప్పుకుంటూ మంచం మీది మైనపు కోటు చేతికి తీసుకుంది. ఏసేపు కర్నూలులో కొని తెచ్చింది అది. కర్నూలు రాజధాని అయ్యాక సర్కారు ఆఫీసుల గుడారాల దగ్గర కరెంటు తీగలు లాగే పని దొరికింది అతనికి, శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లవారకముందే పోతాడు. పెద్ద దొరల కోటులాగా ఉందని మురిసిపోతూ తెచ్చాడు పాపం. వేసుకుని సైకిలు ఎక్కితే తెలిసింది దాని సంగతి. ఎదురుగాలికి లోపలంతా ఉబ్బి మనిషిని వెనక్కి లాగుతుంది, ఒక మైలు పోయేసరికి పైన వాన, లోపల చెమట, ఏది ఏదో తెలియదు, బయటి తడికన్నా లోపలి తడి ఎక్కువ. పైగా ముందు భాగం తెరుచుకుంటుంది. గుండీలు రెండు ఊడిపోయాయి. తెరుచుకుంటే లోపల ఉన్నది మళ్లీ ఆ తెల్లచీరే కదా.

వాన చప్పుడు పెంకుల మీద ఒకే తీరుగా ఉంది. ముసురు పట్టి రోజులైంది, చలి గాలి, మధ్యాహ్నమే దీపం పెట్టుకోవలసినంత మబ్బు. ఊరంతా సంతోషంగా ఉంది. ఈ సీమలో వానను ఎవరూ తిట్టరు. ఇల్లు కారినా తిట్టరు, గోడ కూలినా తిట్టరు, వచ్చిన దేవుణ్ణి పొమ్మన్నట్టు అవుతుందని. చలికని, వానకని ప్రత్యేకం గుడ్డలు కుట్టించుకునే వాళ్లూ లేరు, వస్తే కదా కుట్టించుకోవడానికి. ఆదివారం గుడిలో అందరూ కళ్లు మూసుకుని వాన ఇచ్చినందుకు స్తోత్రం చెప్తుంటే కృపమణి ఒక్కతే లోపల లోపల, ప్రభువా ఆపు, ప్రభువా ఆపు అని వేడుకుంది. కరువు నేలలో పుట్టి వాన ఆగాలని ప్రార్థన చేసిన మనిషి ఇంకెవరైనా ఉన్నారా? అందుకు కూడా సిగ్గే. నిరుటి నుంచి వాన మబ్బు కనిపిస్తే చాలు ఆమె కిటికీ మూసేస్తుంది, ఎవరికి చెప్పుకుంటుంది, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది.

నిరుడు కార్తీకంలో ఇట్లాంటి ముసురే. దిన్నెపల్లె మీదుగా వచ్చిన బండివాడు కబురు చెప్పి పోయాడు, గిడ్డమ్మకు తొలికాన్పు నొప్పులని. కంబన్న గొర్రెలు తోలుకుని నల్లమల వైపు పోయి ఉన్నాడు అప్పుడు. కృపమణి ఒక్కతే బయలుదేరింది, తెల్లచీర కట్టుకుని, సంచి ముందర తగిలించుకుని. మిషను ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన ఆడవాళ్ల సైకిలు అది, చీర చిక్కుకోకుండా వెనక చక్రానికి నూలు వల ఉండేది, అది చిరిగి ఎప్పుడో పోయింది. ఒక చేత్తో కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో హ్యాండిలు పట్టుకుని, కంకర రోడ్డు మీద తొక్కింది. తడిసిన నూలు చీర ఎంత బరువు! ఎంత చల్లన! తొడలకు చుట్టుకుని కాలు లేవనివ్వదు. చలికి దవడలు కొట్టుకుంటున్నాయి, అయినా తొక్కింది. తొక్కలేదని ఎవరూ అనలేరు. పల్లెకు మళ్లే చోట పెద్ద ఈరన్న టీ హోటలు ఉంది, రేకుల కింద వానకు పనుల్లేని మగవాళ్లు బీడీలు కాలుస్తూ కూర్చుని ఉన్నారు. ఆమె దగ్గరికి వచ్చేసరికి మాటలు ఆగిపోయాయి. అప్పుడు చూసుకుంది తన్ను తాను. చీర లేదు. ఉంది, కానీ లేనట్టే ఉంది. తెల్లటి గుడ్డ తడిస్తే ఏమవుతుందో చాకలి పిల్లకు కూడా తెలుసు, ఇంత చదువుకున్న తనకు ఆ క్షణం దాకా తట్టలేదు. ఎవడో అన్నాడు. ముఖం చూడలేదు, గొంతు మాత్రం ఇప్పటికీ గుర్తే. "వానదేవునికి టెంకాయ కొట్టల్లప్పా, ఇంత బాగ చూపిచ్చినందుకు!" నవ్వులు. రేకుల మీది వాన కంటే పెద్దగా నవ్వులు.

అంతే. ఒక్క మాట. ఎవరూ దారికి అడ్డం రాలేదు, ఎవరూ చెయ్యి వేయలేదు, హ్యాండిలు పట్టుకోలేదు. రెండు చేతులూ రొమ్ముకు అడ్డం పెట్టుకోవాలంటే సైకిలు దిగాలి, దిగింది. దిగాక ముందుకు నడవాలంటే ఆ రేకుల ముందు నుంచే నడవాలి. సైకిలు మళ్లించింది. ఇంటికి పోయి చీర మార్చుకుని మళ్లీ వద్దామనే మళ్లించింది, అది అబద్ధం కాదు, ఆ మాట మాత్రం ప్రభువుకే తెలుసు. ఇంటికి వచ్చింది. పొడి చీర కట్టుకుంది. కాసేపు కూర్చుంది. వాన కొంచెం తగ్గనీ అనుకుంది. తగ్గలేదు. కేంద్రం ఊడ్చే తిరుపతమ్మ వచ్చి, "ఏమ్మా, పోలేదా?" అని అడిగింది. జవాబు నోరే చెప్పింది, మనసును అడగకుండా. "వాగొచ్చింది తిరుపతమ్మా. దాటలేకపోతిని." ఈ సీమలో వాగొచ్చిందంటే మారు మాట్లాడే వాళ్లు ఉండరు. ఏడాదంతా ఇసుక పరిచిన బాటలాగా పడి ఉండే వాగు, పైన ఎక్కడో కురిస్తే గడియలో బండ్లను కొట్టుకుపోతుంది. పెళ్లివాళ్లు ఆగిపోతారు, పీనుగులు ఆగిపోతాయి. వాగు మీద ఎవరికి కోపం? ఆమె ఆ రోజు వాగు దాకా పోనేలేదు, కంటితో చూడని వాగును నోటితో పారించింది.

బిడ్డకు కాళ్లు ముందుగా వచ్చాయట. మగబిడ్డ. గిడ్డమ్మ అత్త హులిగెమ్మ తనకు చేతనైనది చేసిందట. తల దగ్గర ఆగిపోయిందట. కాళ్లు ముందొస్తే ఏం చేయాలో, ఎప్పుడు లాగకూడదో, వేలు ఎక్కడ పెట్టాలో మిషను ఆసుపత్రిలో చేయి పట్టి నేర్పారు కృపమణికి. తానుంటే బతికేవాడేమో. బతికేవాడు కాదేమో. ఆ "ఏమో"తోనే ఏడాదిగా కాపురం చేస్తోంది. మర్నాడు పోయింది, ఎండ కూడా వచ్చింది వెక్కిరించినట్టు, చీర అంచు కూడా తడవకుండా పోయింది. హులిగెమ్మ ఆమె చేతులు పట్టుకుని, "వాగొచ్చినంక నువ్వేం జేస్తావు తల్లీ, దిగింటే నువ్వే కొట్టకపొయ్యేదానివి. మీ ఇంటాయన పుణ్యం," అని ఓదార్చింది. బిడ్డను పోగొట్టుకున్న ఇల్లు ఆమెను ఓదార్చింది! గిడ్డమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పాలు నిండి రొమ్ములు రాళ్లలాగా గట్టిపడ్డాయి. కృపమణి పొడవాటి గుడ్డ తీసుకుని ఆమె రొమ్ములకు గట్టిగా కట్టు కట్టింది. కట్టినంతసేపూ గిడ్డమ్మ చేతులు ఎత్తమంటే ఎత్తింది, దించమంటే దించింది, ఒక్క మాట మాట్లాడలేదు, ఒక్కసారి కూడా ముఖంలోకి చూడలేదు. పుట్టెడు దుఃఖం కదా, ఎట్లా మాట్లాడుతుంది అనుకుంది అప్పుడు. ఇప్పుడు ఈ కంబళి వచ్చింది.

"నర్సమ్మా, తెమిల్తివా?" కంబన్న గొంతు. తిడుతున్నట్టు లేదు, బతిమాలుతున్నట్టు ఉంది, అదే కష్టంగా ఉంది. "ఇదో, అయిపాయ కంబన్నా! నువ్వు చేనిగట్టు మీద పో, నేను రోడ్డు మీద వస్తా. వాగు కాడ కలుస్తా," అంది. అన్నాక ఆ మాట తన చెవుల్లోనే గింగురుమంది. వాగు కాడ.  అరుగు దిగిన చప్పుడు, నీళ్లలో కాళ్ల చప్పుడు, తర్వాత ఉత్త వాన.

ఇక మిగిలినవి ఏమిటి? రబ్బరు గుడ్డ. కాన్పు సమయంలో తల్లి కింద పరిచేది, నీటి చుక్క ఇంకదు, భుజాల మీద కప్పుకుంటే ఇంతకు మించిన కోటు లేదు. ఒకసారి కప్పుకుంది కూడా, బురద చిమ్మి వచ్చిన దాన్నే కడిగి ఒక తల్లి కింద పరిచింది, పది రోజులు ఆ తల్లికి జ్వరం వస్తుందేమోనని నిద్ర పట్టలేదు. వద్దు. అందులో పొడి చీర చుట్టాలి, మడిచి సంచిలో పెట్టాలి, అక్కడికి పోయాక కట్టుకోవడానికి. అంటే తెల్లచీర సంచిలో పోతుంది, మరి మనిషి దేంట్లో పోవాలి? మేకుకు ఏసేపు ఖాకీ ప్యాంటు వేలాడుతోంది. నిరుడు అదంతా జరిగాక, ఏమీ తెలియని ఏసేపు, ఆమె తడిసి దగ్గుతుంటే చూసి అన్నాడు, "నా ప్యాంటేసుకోని పోరాదా, ఎవురు చూస్తారు?" "ఊరంతా చూస్తాది," అంది తను. "చూస్తే ఏం, కరెంటోడు వచ్చినాడనుకోని దీపాలు పెట్టమంటారులే," అని నవ్వాడు. తను నవ్వలేదు. మగవాళ్ల గుడ్డలు ఆడది వేసుకోకూడదని గుడిలో అయ్యవారు ఎన్నిసార్లు చదవలేదు? ఆ వాక్యం ఇప్పుడూ గుర్తొచ్చింది. కాళ్లు ముందొచ్చిన బిడ్డ కూడా గుర్తొచ్చాడు. కృపమణి మేకు మీది ప్యాంటు అందుకుంది.

నడుము దగ్గర వదులు, నాడా గుడ్డతో బిగించింది. కాళ్ల దగ్గర పొడుగు, చైనులో పడుతుందని చీలమండల దగ్గర కట్టుగుడ్డ చుట్టి ముడి వేసింది. రవిక మీద మిషను దొరసాని అల్లి ఇచ్చిన ఎర్ర స్వెట్టరు. చెప్పులు వద్దు, రేగట్లో దిగబడిపోతాయి, ఒట్టి కాళ్లే నయం. ఇక కంబళి. దాన్ని తాకడానికి ఆమెకు మనసు రాలేదు, దానికి వేరే కథ ఉంది. పెద్దిండ్లలో కాన్పుకు పోతే ఆమెకు పీట వేయరు, నేల మీద కూర్చోనివ్వరు, ఒక కంబళి ముక్క తెచ్చి పరుస్తారు. ఉన్నికి అంటు లేదు, మైల లేదు, అంటరాని కులం మనిషి కూర్చున్నా ఇల్లు చెడదని వాళ్ల లెక్క. తల్లి కడుపులోకి చెయ్యి పెట్టిన మనిషికి కింద కంబళి ముక్క! అప్పటి నుంచి నల్ల కంబళి చూస్తే ఆమెకు ఒళ్లు మండుతుంది. కానీ ఇది ముక్క కాదు. విప్పితే నిండు కంబళి, కొత్తది, ఒక్కసారి కూడా నీళ్లు తగలనిది. చింతగింజల గంజి పెట్టి ఆరబెట్టిన వాసన ఇంకా పోలేదు, అది ఉన్నంతకాలం వాన పైనే జారిపోతుంది. అంచుకు ఎర్రదారం కుట్టి ఉంది. ఎర్రదారం చూశాక తెలిసింది అది ఏమిటో. కాన్పయ్యాక పరుచుకుని పడుకోవడానికి, బిడ్డను పక్కలో వేసుకోవడానికి కంబళ్లు నేసే కురువల ఇండ్లలో తొమ్మిదో నెలలో నేసి పెట్టుకునే కంబళి. తన పడక తీసి పంపింది గిడ్డమ్మ. పంపి, తడిసినా అతుక్కోదని చెప్పింది. కృపమణి దాని ఒక మూల మడిచి నెత్తిన కొప్పెర వేసుకుంది, గొర్రెలకాపరులు వేసుకున్నట్టే, మిగిలింది భుజాల మీదుగా వీపు నిండా దించుకుని రొమ్ము దగ్గర పిన్నీసు పెట్టింది. మోకాళ్ల దాకా మనిషి కనబడలేదు.

రోడ్డు మీద గాలి ఈడ్చి కొట్టింది, కానీ కొట్టింది ఎవరినో అన్నట్టుంది. కాళ్లు రెండూ విడివిడిగా కదులుతున్నాయి, కుచ్చెళ్లు పట్టుకునే పని లేదు, రెండు చేతులూ హ్యాండిలు మీదే. ఇంత సులువా సైకిలు తొక్కడం? ఇన్నేళ్లూ తొక్కింది సైకిలు కాదు, చీర. కంబళి పైన నీళ్లు జారుతున్నాయి, లోపల స్వెట్టరు గోరువెచ్చగా ఉంది, ముక్కు కొన మాత్రమే చలికి మొద్దుబారింది. అట్లా తొక్కుతూ తొక్కుతూ ఉండగానే దూరంగా రేకులు కనిపించాయి. పెద్ద ఈరన్న హోటలు.  కాళ్లు ఆగబోయాయి. ఆ గొంతు అక్కడే ఉంటుంది, ఇప్పుడు ప్యాంటు చూసి ఏమంటుంది? ఆడది మగవేషం వేసిందంటుంది, దానికి పాట కడుతుంది. ప్రభువా. తల వంచుకుని తొక్కింది. రేకుల కింద వాళ్లు తలెత్తారు. ఒకడు చెయ్యి ఊపాడు. "ఏమప్పా, ఇంత వానలో యాడికి పోతాండావు? వచ్చి టీ తాగిపో!" అదే గొంతు. టెంకాయ గొంతు. "గొర్రెలు తప్పిపొయినాయేమో పాపం," అన్నాడు ఇంకొకడు. వాళ్ల చూపులు మళ్లీ పొయ్యి వైపు తిరిగాయి.

అంతే. దాటిపోయింది. నవ్వు రావలసిన చోట కృపమణికి ఏడుపు వచ్చింది. ఇంతేనా? మేకు మీది ఒక ప్యాంటు, ఎవరి ఇంట్లో అడిగినా ఇచ్చే ఒక కంబళి. ఇంత చిన్న సంగతా ఆ బిడ్డకూ తనకూ అడ్డం పడింది? నిరుడు కూడా ఆ మేకు ఉంది, ఆ ప్యాంటు దానికే వేలాడుతోంది. పెద్ద కొండ అడ్డం వచ్చిందనుకుంటూ ఏడాది మోసింది, తీరా చూస్తే అది ఒక తడిగుడ్డ. వాళ్ల నవ్వుకన్నా ఇదే ఎక్కువ సిగ్గుగా ఉంది. వాళ్లు ఒక్క మాట అన్నారు, పోయారు, ఆ మాటకు ఒక బిడ్డ ప్రాణమంత విలువ కట్టింది మాత్రం తనే.

కంకర రోడ్డు అయిపోయి రేగడి బాట వచ్చింది. నల్లమట్టి చక్రాలకు పట్టి మడ్‌గార్డుల కింద గడ్డకట్టింది, దిగి పుల్లతో గీకి, మళ్లీ ఎక్కి, మళ్లీ దిగి, కడకు నెట్టుకుంటూ నడిచింది. వాగు కాడ కంబన్న నిలబడి ఉన్నాడు. వాగు ఉంది. ఇసుక మీద సన్నగా, ఎర్రగా, అక్కడక్కడ పాయలుగా నీళ్లు. కుక్క దాటుతోంది దాన్ని, తోక కూడా తడవకుండా. ఇన్ని రోజుల ముసురుకు ఇంత. నిరుడు ఇంతకన్నా తక్కువ వాన. కంబన్న వాగు వైపు చూడలేదు, ఆమె వైపూ చూడలేదు. ఆమె ప్యాంటు గురించి కూడా ఒక్క మాట అనలేదు. సైకిలు ఎత్తి భుజాన పెట్టుకుని ముందు నడిచాడు. అతని మడమలు మునగడం లేదు. ఏదైనా అంటే బాగుండు. ఎందుకు అనడు? ఆమె అతని వెనక నీళ్లలోకి దిగింది. చల్లగా ఉన్నాయి నీళ్లు. ఏడాది కింద తన నోట్లో పొంగిన వాగు ఇది, ఇప్పుడు పాదాల మీద నుంచి కూడా పోలేక పక్కకు పోతోంది. కంబన్నా అని పిలవబోయి, అతని అడుగుల వెంటే నడిచింది. 

ఇంట్లో దీపం పెట్టారు. గిడ్డమ్మ దూలానికి కట్టిన తాడు పట్టుకుని, గోడకు వీపు ఆనించి కూర్చుని ఉంది. హులిగెమ్మ వేడినీళ్ల చెంబుతో ఎదురొచ్చి, ప్యాంటు చూసి పక్కకు తప్పుకుంది. గిడ్డమ్మ చూపు మాత్రం నిరుటిలాగా గోడకు తిరగలేదు. కట్టుగుడ్డ చుట్టిన చీలమండల నుంచి, కంబళి ఎర్రదారం మీదుగా, ముఖం దాకా వచ్చి అక్కడ ఆగింది. నొప్పి తగ్గిన సందులో, ఊపిరి కూడగట్టుకుని, మెల్లగా అడిగింది.

"వాగు పారుతాండాదా నర్సమ్మా?"

ఇల్లంతా వాన చప్పుడే. కంబన్న వాకిట్లో సైకిలు మట్టి గీకుతున్నాడు. ఆ గీకుడు ఆగింది. అవునంటే అయిపోతుంది, లేదంటే సగం అయిపోతుంది. మిగతా సగం ఏడాదిగా నాలుక కింద ఉండి ఉండి ఇప్పుడు బయటికి వచ్చింది.

"లేదు గిడ్డమ్మా. నిరుడు గూడా పారలేదు. నేను వాగు దాకా రానేలేదు."

హులిగెమ్మ చేతిలో చెంబు కదలకుండా నిలిచిపోయింది.

"తెలుసు," అంది గిడ్డమ్మ. "ఆ పొద్దు పత్తిచేనికి పొయినోళ్లు వాగు దాటే ఇంటికొచ్చిరి. హోటలు కాడ నిన్నేమనిరో అది గూడా జెప్పిరి." నొప్పి మళ్లీ వచ్చింది. తాడు బిగించి పట్టుకుంది, పెదవి పళ్ల కింద తెల్లబడింది. ఆ నొప్పి పోయేదాకా కృపమణి ఉన్న చోటే నిలబడింది, దగ్గరికి పోవచ్చో లేదో తెలియక.

గిడ్డమ్మ కళ్లు తెరిచింది. "నిలబడతావేంది? కంబళి ఆ కొయ్యకు తగిలిచ్చు. నాకు గావల్ల అది," అంది. "చేతులు కడుక్కో."

కృపమణి కంబళి విప్పి కొయ్యకు తగిలించింది. హులిగెమ్మ చెంబు వంచింది. కృపమణి మోచేతుల దాకా సబ్బు రుద్ది చేతులు కడుక్కుంది.